బుడమేటి ఒడ్డున దెయ్యాల కొంప



కృష్ణకు వరదొచ్చిందంటే బెజవాడలో రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి ఇరిగేషన్ వాళ్లది: ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇన్ని లక్షల క్యూసెక్కులు, మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక. రెండోది అమ్మవారి ముక్కుపుడకది. కృష్ణమ్మ ఉప్పొంగి ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ ముక్కుపుడకను తాకిననాడు యుగాంతమేనని, అది బ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పిన మాటేనని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. నమ్మేవాళ్లు నమ్ముతారు, నవ్వేవాళ్లు నవ్వుతారు. కానీ బ్యారేజీ మీద నిలబడి ఎర్రనీళ్లు చూసే మనిషి, ఎంత చదివినవాడైనా సరే, ఒక్కసారి తలెత్తి కొండ వైపు చూడకుండా ఉండడు.

నన్నడిగితే మన ఊరి మొదటి సైన్స్ ఫిక్షన్ కథ అదే. అందులో భవిష్యత్తు ఉంది, ప్రకృతి తిరగబడటం ఉంది, ప్రమాదం ఎంత దూరంలో ఉందో కొలుచుకోవడానికి బంగారపు గుర్తు కూడా ఉంది. మన నిమ్మకూరు బిడ్డ ఎన్టీ రామారావు గారు బ్రహ్మంగారి చరిత్రను తానే నటించి, తానే దర్శకత్వం వహించి 1984లో విడుదల చేశారు. అప్పటికాయన ముఖ్యమంత్రి కూడా. రాబోయే కాలాన్ని తెర మీద చూపాలంటే రాకెట్లూ రోబోలూ ఉండి తీరాలని ఏమీ లేదు, జోస్యం చెప్పే యోగి ఒకడుంటే చాలు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది సైన్స్ ఫిక్షన్, హారర్ సినిమాల్లో కనిపించే ప్రకృతి భయాల గురించి. ఈ సినిమాలు మన భయాలకు అద్దం పడతాయని అందరూ అంటారు. నిజమే, కాదనను. నా పేచీ వేరు. ఆ అద్దాన్ని ఎటు తిప్పి పెట్టారు? ముక్కుపుడక వైపు తిప్పితే ఒక భయం కనిపిస్తుంది, మురుగుకాలవ వైపు తిప్పితే ఇంకొకటి కనిపిస్తుంది. బెజవాడ వాళ్లకు ఈ తేడా 2024లో బాగా తెలిసొచ్చింది.

ముందు కాస్త దూరం వెళ్లొద్దాం. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలో బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. ఇక్కడిదాకా రావద్దని గీసిన హద్దుకు బయటే ఉండి చేపలు పట్టుకుంటున్న ఒక జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవ పేరు లక్కీ డ్రాగన్. అందులో ఇరవై ముగ్గురు మనుషులు. అందరూ జబ్బుపడ్డారు. సెప్టెంబరులో ఆ పడవ రేడియో ఆపరేటరు చనిపోయాడు. జపాన్ మార్కెట్లలో చేప ముట్టుకోవాలంటేనే జనం హడలిపోయారు. అదే ఏడాది నవంబరులో ‘గాడ్జిల్లా’ విడుదలైంది. సినిమా మొదలయ్యేదే నడిసముద్రంలో ఒక ఓడ దగ్గర మెరుపు మెరిసి, ఓడ అంటుకుని మునిగిపోవడంతో. ఆ మెరుపేమిటో హాల్లో కూర్చున్నవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మన గిలకలదిండి నుంచో, నిజాంపట్నం నుంచో వేటకెళ్లే కుటుంబాలను తీసుకెళ్లి ఆ హాల్లో కూర్చోబెట్టినా, భాష తెలియకపోయినా కథ తెలిసిపోయేది. తర్వాత్తర్వాత ఆ రాక్షసబల్లి పిల్లలాడుకునే ప్లాస్టిక్ బొమ్మ అయిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

మన తెలుగులో అలాంటి భయం తెర మీదికి రావడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ అనగానే అందరికీ కృష్ణదేవరాయలు, తెనాలి రామలింగడు గుర్తొస్తారు. నాకు మాత్రం రెండో ప్రయాణం గుర్తుండిపోయింది. టైమ్ మెషీన్ 2504లోకి పోతుంది. మూడో ప్రపంచయుద్ధం అయిపోయి ఉంటుంది. నేల మీద రేడియేషన్, మనుషుల కాపురం భూగర్భంలో. సినిమా వచ్చేనాటికి చెర్నోబిల్ ప్రమాదం జరిగి ఐదేళ్లే. ఆ భాగం నడిచేది కొద్దిసేపే. ఆ సెట్లు ఇప్పుడు చూస్తే కాస్త నవ్వొచ్చినా రావచ్చు. అయినా పచ్చటి పొలం గట్ల మీద పాటలు తీయడానికి అలవాటుపడ్డ తెలుగు తెర, నేల మీద కాలు పెట్టలేని మనుషులను చూపించింది. అది చిన్న విషయం కాదు.

ఇక అలల సినిమాలు. 2009 నవంబరులో ‘2012’ అని హాలీవుడ్ నుంచి ఒకటొచ్చింది. సముద్రం లేచి హిమాలయాలను ముంచేస్తుంది. దానికి నెల ముందే, అక్టోబరు మొదటివారంలో, కర్నూలు నగరం నీట మునిగింది, ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. నిజం వరద బురద ఆరకముందే అబద్ధపు వరద చూడటానికి జనం టికెట్లు కొన్నారు. టీవీల్లో యుగాంతం చర్చలు 2012 డిసెంబరు దాటేదాకా సాగాయి. ముక్కుపుడక మళ్లీ బయటికొచ్చింది.

అల అంటే ఏమిటో దివిసీమకు సినిమా చూసి నేర్చుకోవాల్సిన పనిలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేలమంది దాకా పోయారు. తాటిచెట్టంత నీళ్లు లేచాయని బతికి బయటపడినవాళ్లు చెబుతారు. హంసలదీవి, నాగాయలంక, కోడూరు వైపు ఆ పేరెత్తితే ఇప్పటికీ మాట ఆగిపోయే ఇళ్లున్నాయి. అప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టుకుని విరాళాల కోసం ఊరూరా తిరిగారు. మరి ఆ ఉప్పెన తర్వాత మనం ఏం చేశాం? తీరానికి అడ్డుగోడలా నిలబడే మడ అడవులను పలుచోట్ల నరికి, రొయ్యల చెరువులు తవ్వాం. హాలీవుడ్ అల ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు వస్తుంది, దానివెనుక ఎవరి చెయ్యీ ఉండదు. అందుకే హాయిగా పాప్‌కార్న్ తింటూ చూడగలుగుతాం. నాకు ఆ రకం సినిమాలంటే గౌరవం తక్కువ.

‘కల్కి 2898 ఏడీ’ అంతకంటే మెరుగు. 2024 జూన్ 27న వచ్చింది. దర్శకుడు నాగ్ అశ్విన్, నిర్మాత మన బెజవాడ మనిషి అశ్వనీదత్ గారు. ఇదే దత్తు గారి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైతే, సరిగ్గా అదే రోజున తుపాను వచ్చి కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. థియేటర్ల చుట్టూ నీళ్లు, తెర మీద ఇంద్రలోకం. తుపాను ధాటికి మునగాల్సిన సినిమా తేలి, చరిత్రకెక్కింది. ‘కల్కి’ మాత్రం నీళ్లు లేని లోకం. అందులో మిగిలిన నగరం కాశీ ఒక్కటే. గంగ ఎండిపోయింది. నగరం పైన తలకిందుల పిరమిడ్‌లా కాంప్లెక్స్ అనే కట్టడం వేలాడుతుంటుంది. నేల మీది నీళ్లూ, పచ్చదనమూ అన్నీ దాంట్లోకి పోయాయి. కింద మనుషులు పండ్లకు, నీళ్లకు మొహం వాచిపోయి ఉంటారు. పైన గడ్డి ఉంటుంది, సముద్రం ఉంటుంది. ఎండిన నదిని చూపించి ఊరుకోకుండా ఆ నీళ్లు ఎవరి దగ్గరికి చేరాయో కూడా చూపించాడు చూడండి, అక్కడ ఆ దర్శకుడికి మార్కులు వేయాలి. కాలవ చివరి భూముల రైతుకు ఈ కథ కొత్త కాదు. 2023లో కృష్ణకు సరిగా నీళ్లు రాక డెల్టాలో దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లందలేదు. ఆ ఎండు సంవత్సరం గడిచాక వచ్చిన సినిమా అది.

ఆ తర్వాత రెండు నెలలకే ఏం జరిగిందో మీకు తెలుసు.

2024 ఆగస్టు 31న మొదలైన కుంభవృష్టికి మొగల్రాజపురంలో కొండరాళ్లు విరిగిపడి ప్రాణాలు పోయాయి. బ్యారేజీకి 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, రికార్డు. ఊరంతా కృష్ణ వైపే చూస్తోంది. కృష్ణలంక దగ్గర రక్షణగోడ నిలబడింది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నా బ్యారేజీ నిలబడింది. మనం వీధి తలుపుకు గడియ పెట్టి కాపలా కూర్చున్నాం, నీళ్లు పెరటి గుమ్మంలోంచి వచ్చాయి.

మైలవరం వైపు కొండల్లోంచి వచ్చే వాగు బుడమేరు. ఎండాకాలంలో చూస్తే అదొక వాగని కూడా అనిపించదు, గుర్రపుడెక్కతో నిండిన గుంటల వరస. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి దాని నీళ్లను మళ్లింపు కాలవలోంచి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. మరి కృష్ణే నిండుగా పోతుంటే ఆ నీళ్లను ఎక్కడ పోసుకుంటుంది? కాలవ నిండింది, కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి చివరికి సైన్యం సాయం కావలసి వచ్చింది. ఆ నీళ్లు పాత దారి వెతుక్కుంటూ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల మీదికి వచ్చాయి. లక్షలమంది రోజుల తరబడి డాబాల మీద ఉన్నారు. ఆకాశంలో డ్రోన్లు ఆహారం పొట్లాలు మోసుకెళ్లాయి. పదేళ్ల కిందట ఎవరైనా స్క్రిప్టులో రాస్తే, ఇది సైన్స్ ఫిక్షనయ్యా, బడ్జెట్ ఎక్కడిది అని నిర్మాత తిప్పి పంపేవాడు.

నీళ్లు తీశాక పాయకాపురంలో మా బంధువుల ఇంటికి వెళ్లాను. హాలు గోడ మీద స్విచ్‌బోర్డుకు జానెడు పైన బురదగీత ఉంది, నాలుగు గోడలకూ ఒకే మట్టంలో, తాపీమేస్త్రీ దారం పట్టి గీసినట్టు. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. చెక్కబీరువా తలుపులు ఉబ్బి మూసుకోవడం లేదు. కిటికీ గ్రిల్లుకు గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకుని ఎండిపోయాయి. డాబా మీద తాడు కట్టి, పిల్ల ఇంటర్ సర్టిఫికెట్లు క్లిప్పులు పెట్టి ఆరేశారు. సీలు సిరా కారిపోయి కాగితమంతా నీలం పాకింది. ఆ ఇంటి ఇల్లాలు నన్ను అడిగింది ఒక్కటే. “అన్నయ్యగారూ, ఈ గీత కడిగితే పోతుందంటారా, సున్నం గీకించాలా?”

అక్కడ నిలబడితే నాకు ఏ అలల సినిమా గుర్తు రాలేదు. రామ్‌గోపాల్ వర్మ గారి ‘దెయ్యం’ గుర్తొచ్చింది. 1996 నాటి సినిమా. ఆయన మన సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదువుకున్నారు. సివిల్ ఇంజినీరు హారర్ తీస్తే కథ పునాదిలోంచే మొదలవుతుంది కాబోలు. ఒక కుటుంబం ఊరవతల ఇల్లు కొనుక్కుంటుంది. ఆ ఇల్లు కట్టింది శ్మశానం మీద. అంతకు ముందు 1982లో అమెరికాలో వచ్చిన ‘పోల్టర్‌గైస్ట్’ది కూడా ఇదే కథ. అక్కడ కాలనీ కట్టిన కంపెనీ సమాధుల మీది రాళ్లను మాత్రం తరలించి, శవాలను అక్కడే వదిలేస్తుంది. ఇళ్లు కొన్నవాళ్లకు చెప్పదు. చివరికి ఈతకొలను తవ్విన గోతిలోంచి శవపేటికలు పైకొస్తాయి.

హారర్ సినిమాల్లో దెయ్యాల కొంప కథంతా నిజానికి భూమి కథ. ఇక్కడ ముందు ఎవరున్నారు, ఎవరి చోటు ఎవరికి అమ్మారు, అమ్మినవాడు ఏం దాచాడు. మా చిన్నప్పుడు దెయ్యాలు ఊరి బయట చింతచెట్ల మీద, పాడుబడ్డ నూతుల్లో, కాలవ రేవుల్లో ఉండేవి. వాటి భయం పుణ్యమా అని ఆ చెట్ల జోలికి ఎవరూ పోయేవారు కాదు. చెట్లు కొట్టేశాం, నూతులు పూడ్చేశాం. ఇక దెయ్యాలు ప్లాట్లలోకి రాక ఏం చేస్తాయి?

బుడమేటి మీద వెలిసిన కాలనీలకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. వాగు పారిన చోటును గజాల లెక్కన అమ్మారు. కొన్నవాళ్లు ఆటో తోలుకునేవాళ్లు, గుమాస్తాలు, కూలీలు. ఊళ్లో వాళ్లకు అందిన ధర అదొక్కటే. ‘దెయ్యం’లో కుటుంబం చేసిన తప్పేమీ లేనట్టే వీళ్ల తప్పూ లేదు. లేఅవుటు గీసినవాడు, అనుమతి ఇచ్చినవాడు, ఓట్ల కోసం ఊరుకున్నవాడు మాత్రం సినిమాలోనూ తప్పించుకుంటారు, బయటా తప్పించుకుంటారు.

ఆ తప్పించుకునేవాడిని మొదటి దృశ్యంలోనే పట్టుకున్న సినిమా ఒకటుంది. కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో 2006లో తీసిన ‘ద హోస్ట్’. సియోల్ నగరంలో హాన్ నది పారినట్టే మన నగరం పక్కన కృష్ణ పారుతుంది కాబట్టి మనకది తొందరగా అర్థమవుతుంది. అమెరికా సైనిక స్థావరంలోని మార్చురీ. అధికారి వేలితో తుడిచి చూస్తాడు, ఫార్మాల్డిహైడ్ సీసాల మీద దుమ్ము పట్టి ఉంటుంది. వీటిని సింకులో పారబోయమంటాడు. అది నదిలోకి పోతుందండీ అని కింది ఉద్యోగి నసుగుతాడు. నది చాలా పెద్దదిలే అంటాడు పైవాడు. ఒక్కొక్క సీసా వంపుతూ ఉంటే కెమెరా ఆ ఖాళీ సీసాల వరస వెంట మెల్లగా కదులుతుంది. కొన్నేళ్లకు నదిలోంచి వింత జంతువు లేస్తుంది. దుమ్ము పట్టిందన్న సాకు ఒక్కటి చాలు, అసలు భయం నాకు అక్కడే కలిగింది. ఇది గాలిలోంచి పుట్టిన కథ కాదు. 2000లో సియోల్ స్థావరంలో నిజంగానే ఫార్మాల్డిహైడ్‌ను డ్రైనేజీలో పారబోయించారు. అది కోర్టు దాకా పోయింది.

నది చాలా పెద్దదిలే అనే మాట మన దగ్గరా రోజూ వినపడుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై ఊరి నడిబొడ్డులోంచి పోయే బందరు కాలవ, రైవస్ కాలవ, ఏలూరు కాలవల్లో ఏముందో వంతెన మీద ఆగి చూస్తే తెలుస్తుంది. ఏలూరు పేరు వచ్చింది కాబట్టి చెబుతాను. 2020 డిసెంబరులో ఆ ఊళ్లో ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. నోట నురగ, కాసేపు స్పృహ ఉండదు, మళ్లీ లేచి కూర్చుంటారు. వందలమంది ఆసుపత్రిపాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. అంతకు ఏడు నెలల ముందే విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరిన్ ఆవిరికి నడిరోడ్డు మీద మనుషులు కుప్పకూలడం మనం ఫోన్లలో చూశాం. పన్నెండుమంది చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ వచ్చింది. కరోనా మందు కోసం చేసిన ప్రయోగం వికటించి, రాయలసీమలో పెళ్లింట జాంబీలు పుట్టుకొస్తారు. సరదా సినిమా, నేనూ నవ్వాను. కానీ వైరస్ భయం చుట్టూ అంత కథ అల్లినవాళ్లకు, ఇంట్లో కుళాయి నీళ్లు, పళ్లెంలో కూరగాయలు కథావస్తువుగా కనిపించలేదే అన్న బాధ మాత్రం మిగిలింది.

అద్దం పూర్తిగా తప్పువైపు తిప్పిన సినిమా చెప్పమంటే శంకర్ తీసిన ‘2.0’ చెబుతాను. 2018లో తెలుగులోనూ వచ్చింది. సెల్‌టవర్ల రేడియేషన్ పక్షులను చంపేస్తోందని ఒక పక్షిప్రేమికుడు టవర్‌కు ఉరేసుకుని చనిపోయి, పక్షిరాజుగా తిరిగొస్తాడు. పక్షుల మీద ప్రేమ బాగుంది, అక్షయ్ కుమార్ వేషం బాగుంది. టవర్లే చంపుతున్నాయని సైన్స్ తేల్చింది మాత్రం లేదు. పక్షుల చోటు ఎలా పోతుందో చూడాలంటే కైకలూరు దగ్గర ఆటపాకకు రండి. కొల్లేరు. 1999లో అభయారణ్యమని ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అయినా సరస్సును ముక్కలు ముక్కలుగా కట్టలు పోసి చేపల చెరువులు చేశారు. 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ కట్టలను పేల్చేస్తే, చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టుకోవడానికి సరిపడా చెట్లు లేక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నాటింది. నీళ్ల మధ్య ఇనుప స్టాండ్లు, వాటి మీద పక్షి సంసారాలు. ఏ గ్రాఫిక్స్ వాడూ ఊహించని దృశ్యం. పైగా సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు చివరికి చేరేది ఈ కొల్లేటికే. కింద కొల్లేరు పూడిపోతే, ఉప్పుటేరు సముద్రంలోకి సరిగా లాగకపోతే, పైన బెజవాడలో బురదగీత ఇంకో జానెడు పైకి జరుగుతుంది.

తెలుగు సినిమా పంపిణీకి మన గాంధీనగర్ ఒకప్పుడు గుండెకాయ. ఇప్పుడు సెల్‌ఫోనుతో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరున్నారు. వాళ్లకు ఒక మాట. చేతబడులూ, పాడుబడ్డ బంగళాలూ చాలా తీశారు, కొన్నాళ్లు వాటికి సెలవివ్వండి. ఈ వేసవిలో, బుడమేట్లో నీళ్లు లేని రోజుల్లో, వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర బయల్దేరండి. గండ్లు పడిన చోట ఆగండి. సింగ్‌నగర్‌లో ఇంకా చెరపని బురదగీతలున్న ఇళ్లు అడిగి చూడండి. అక్కడి నుంచి కొల్లేరు మీదుగా ఉప్పుటేరు దాకా నీళ్లు పోయే దారిలోనే పోండి. ఆ దారిలో ఏమేం అడ్డమొచ్చాయో, ఎవరెవరివో కెమెరాకు ఎక్కించండి. ఆ వాగు మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లను దొంగలుగా మాత్రం చూపించొద్దు. స్థలం అమ్మిన కాగితం మీద సంతకం ఎవరిదో వెతకండి.